డబ్బా వీపు

బాకోస్‌లో ట్రామ్ మలుపు తిరిగే చోట
మా కొట్టు.
నాన్న ఉన్నప్పుడు ఉప్పుచేపలు, ఇప్పుడు అన్నీ.
రంజాన్ చివరి వారం
గడప దగ్గర్నించి గల్లాపెట్టె దాకా
పసుపుపచ్చ డబ్బాలు మూడు వరసలు పేరుస్తాను.
డబ్బా మీద ఒక ఆవు
పచ్చికలో నిలబడి నవ్వుతూ ఉంటుంది.
లోపలున్నదాంట్లో పాలచుక్క లేదని
ఆవుకీ తెలుసు, నాకూ తెలుసు.

నిన్న మధ్యాహ్నం విదాద్ వచ్చింది.
పండక్కి కహక్ చెయ్యాలి కదా,
లోపల ఖర్జూరం, పైన పంచదార దుమ్ము.
ఎన్నేళ్ళుగానో ఇదే డబ్బా, రెండు,
అడక్కుండానే సంచీలో వేస్తుంటాను.
నిన్న మటుకు చెయ్యి అడ్డం పెట్టి
"ఆగు హిల్మీ" అంది.

సంచీలోంచి తీసింది
మొగుడు షౌకీ గడియారాలు బాగుచేసే భూతద్దం,
కంటిగుంటలో బిగించుకునే నల్ల గొట్టం.
"ఆయన పడుకున్నాడు. లేచేలోగా దీన్ని దాని చోట పెట్టెయ్యాలి."
బిగించుకుంది.
ఆవును గోడవైపు తిప్పింది.
వీపు చదవడం మొదలెట్టింది.

ముప్పయ్యేళ్ళు ఆ డబ్బాలు మోశాను,
దుమ్ము తుడిచాను, ధర అంటించాను.
సరిగ్గా ఆ అక్షరాల మీదే అంటించానని
ఇప్పుడు తెలిసింది.
ఆమె గోటితో ధర చీటీ గీకింది.
కింద చీమలబారు.

"తాటినూనె" అంది.
"పాక్షికంగా" అంది, ఆగింది,
తర్వాతి మాట కూడబలుక్కుని
బడిపిల్లలా పైకి చదివింది: "హైడ్రోజనీకరించిన."
ట్రామ్ వెళ్ళింది.
డబ్బాలన్నీ ఒక్కసారి గణగణమన్నాయి.

"ముందువైపు సున్నా అని రాశారు కదమ్మా,
ట్రాన్స్ కొవ్వు సున్నా, ఎర్ర బిళ్ళలో, ఇంత పెద్దది."
"చెంచాకి సున్నా" అంది, అద్దం తియ్యకుండానే.
"చెంచాడుతో కహక్ చేసే ఇల్లు
ఈ వీధిలో ఏదైనా ఉంటే చూపించు, చూసొస్తాను."

షౌకీ గుండెలో ఇప్పుడు రెండు స్ప్రింగులు.
చలికాలంలో వేశారు.
డాక్టరు కుర్రాడు కాగితం మీద రక్తనాళం గీసి
లోపల పెన్సిలుతో నలుపు పూసి
ఇంతే సందు మిగిలింది అన్నాట్ట.
షౌకీ ఆ సందు వంక చూసి
"వెంట్రుక స్ప్రింగు పడుతుందిలే" అన్నాట్ట.
చెప్తూ నవ్వింది విదాద్.
నవ్వు మధ్యలో అద్దం జారి అరచేతిలో పడింది.

తర్వాత అరలన్నీ తిరిగింది.
బిస్కెట్లు తిప్పింది. గట్టి మార్జరిన్ తిప్పింది.
గడ్డకట్టించిన పొరల పిండి, కాఫీలో వేసే తెల్లపొడి,
కేకు మీద పూసే పాలు కాని మీగడ.
అన్నిటి ముఖాలూ పండగే.
వీపులు మాత్రం అన్నీ ఒకటి కావు, అది ఒప్పుకోవాలి:
కొన్ని బాగున్నాయి, వాటిని మళ్ళీ నిలబెట్టి
కొంగుతో తుడిచింది, మెచ్చుకున్నట్టు.

చివరికి గేదె వెన్న, అరకిలో.
ధర చెప్తుంటే నాకే గొంతు తగ్గింది.
వేళ్ళమీద లెక్కేసుకుంది.
"సగం పిండే కలుపుతాను.
ఆయనకి రెండు. నాకు రెండు.
పక్కింటివాళ్ళకి పళ్ళెం ఈసారి చిన్నది,
ఏమనుకుంటే అనుకోనీ."

తిలాపాపం తలా పిడికెడు.
కంపెనీది ఒక పిడికిలి,
ఆవు బొమ్మ గీసినవాడిది ఒకటి,
నాది ధర చీటీ అంత.

రాత్రి కొట్టు కట్టేటప్పుడు
రోజూలాగే మా చిన్నది రిహామ్‌కి
క్రీమ్ బిస్కెట్ పొట్లం జేబులో వేసుకున్నాను.
వీధిదీపం కింద ఆగి తిప్పాను.
కళ్ళు చిట్లించాను. చెయ్యి చాచి పట్టుకున్నాను.
చీమలు కదిలాయి గానీ అక్షరాలు కాలేదు.

పొద్దున్నే విదాద్ బాల్కనీ కింద నిలబడి పిలిచాను.
తాడు కట్టిన బుట్ట దిగింది,
రొట్టెలకి దించే బుట్ట,
అడుగున చేతిరుమాల్లో చుట్టిన నల్ల గొట్టం.
"పదింటికల్లా ఇచ్చెయ్,"
పైనుంచి షౌకీ గొంతు,
"వేళ్ళ జిడ్డు అంటనివ్వకు."